నల్లగొండ ఎండల్లో విద్యుత్ కారును ఎంతవరకు నమ్మవచ్చు?

మాది నల్లగొండ. పాత డీజిల్ కారు ఇక మరమ్మతులకు లొంగడం లేదు, విద్యుత్ కారు కొందామని ఉంది. తెలంగాణలో వీటికి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయింపు 2026 డిసెంబరు 31 వరకే కాబట్టి ఇంట్లో తొందరపెడుతున్నారు.

నా బెంగంతా బ్యాటరీ గురించే. మే నెలలో ఇక్కడ 44 డిగ్రీలు కొత్తేమీ కాదు. నేను పనిచేసే చోట కారుకు నీడ లేదు. సాయంత్రం తలుపు తీయబోతే పిడి చురుక్కుమంటుంది, సీటు బెల్టు కొక్కేన్ని చేతిరుమాలుతో పట్టుకోవాలి. పొద్దంతా అలా మాడే కారులో బ్యాటరీ అయిదారేళ్లకు ఏ స్థితిలో ఉంటుంది? లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం వేడిని బాగా తట్టుకుంటుందని, ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు ఉంటే మేలని, నిండా చార్జ్ చేసి ఎండలో వదిలేయకూడదని చదివాను. కానీ ఈ ఎండలో నడిపినవారి మాటే నాకు ముఖ్యం.

ఇంకొకటి. అమ్మను వైద్యానికి హైదరాబాద్ తీసుకువెళ్లి అదే రోజు తిరిగి రావాలి, రానుపోను దాదాపు రెండు వందల కిలోమీటర్లు. ఆమెతో ఉన్నప్పుడు ఏసీ ఆపడం కుదరదు. బ్యాటరీ వేడెక్కితే ఫాస్ట్ చార్జింగ్ నెమ్మదిస్తుంది కదా, మండు వేసవిలో చౌటుప్పల్, నార్కట్‌పల్లి దారిలో మీకు ఎంతసేపు పట్టింది?

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు కనీసం రెండు వేసవులు నడిపినవారు దయచేసి చెప్పండి. ఏ కారు, ఏ బ్యాటరీ, ఏసీతో నిజంగా ఎన్ని కిలోమీటర్లు వస్తోందో రాస్తే చాలు.