గడ్డి కోసే మోవర్ చక్రం ఊగుతోంది: బుష్ వేస్తే సరిపోతుందా, చక్రమే మార్చాలా?

ప్రశ్న: 21 అంగుళాల సెల్ఫ్ ప్రొపెల్డ్ (ఇంజను బలంతో తానే ముందుకు కదిలే) మోవర్, స్టీలు డెక్ (బ్లేడును కప్పి ఉండే తొడుగు). ముందు చక్రాల ప్లాస్టిక్ హబ్‌లో (చక్రం నడిమి భాగంలో) రంధ్రం అరిగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. చక్రం ఒరిగి, ఆ వైపు గడ్డి పొట్టిగా తెగుతోంది. వెనక చక్రాలు చదును నేల మీద బాగానే లాగుతాయి గానీ ఏటవాలు ఎక్కేటప్పుడు టకటకమంటూ జారుతున్నాయి. కొత్తవి కొనకుండా ఇంట్లోనే బాగుచేసే వీలుందా?

జవాబు: ముందు చక్రాలకు కంచు బుష్ (ఇరుసుకూ రంధ్రానికీ మధ్య కూర్చునే చిన్న గొట్టం) వేయండి. మొదట ఇరుసు బోల్టు కొలవండి. అర అంగుళం ఉంటే, లోపలి కొలత 1/2, బయటి కొలత 5/8 అంగుళం ఉన్న అంచు బుష్‌లు చక్రానికి రెండు కావాలి, చెరో వైపు నుంచీ ఒకటి. నూనె పట్టిన రకమే తీసుకోండి.

చాలామంది తప్పు చేసేది డ్రిల్లింగ్ దగ్గరే. కోలగా ఉన్న రంధ్రంలో బిట్ పెడితే అది అరిగిన వైపుకే జారుతుంది, బుష్ పక్కకు కూర్చుంటుంది, చక్రం మళ్లీ ఊగుతుంది. అందుకే రంధ్రంలో ముందు కర్ర ముక్క బిగుతుగా కొట్టండి. చక్రం అంచు నుంచి కొలిచి కేంద్రం గుర్తు పెట్టి, 5 మి.మీ., తర్వాత 10, చివర 5/8 అంగుళం బిట్ వాడండి. డ్రిల్ మిషన్ నెమ్మదిగా తిప్పండి, లేదంటే ప్లాస్టిక్ కరిగి బిట్‌కు చుట్టుకుంటుంది. బుష్ చుట్టూ కనీసం 3 మి.మీ. ప్లాస్టిక్ మిగలకపోతే ఈ పని వద్దు, హబ్ పగులుతుంది. బోల్టు మీద గోరుకు గాడి తగిలితే బోల్టు కూడా మార్చాల్సిందే.

జవాబు: వెనక చక్రాలకు పైసా ఖర్చు లేని మార్గం ఉంది. చక్రం లోపలి పళ్లు ముందుకు నెట్టే ముఖం మీదే అరుగుతాయి, రెండో ముఖం కొత్తగానే ఉంటుంది. కుడి చక్రం ఎడమకు, ఎడమది కుడికి వేయండి, అరగని ముఖం పనిలోకి వస్తుంది. కానీ పినియన్లను (చక్రం పళ్లను తిప్పే చిన్న పళ్ల చక్రాలను) మాత్రం అటూఇటూ మార్చకండి. వాటిలోని తాళం ఒక దిక్కుకే పట్టుకుంటుంది, తారుమారైతే బండి ముందుకు లాగదు. పినియన్ పళ్లు సూదిగా అరిగి ఉంటే కొత్తవి వేయండి, లేకుంటే మంచి ముఖాన్నీ తినేస్తాయి. పళ్లకు గ్రీజు దట్టంగా రాయవద్దు, మట్టి అంటుకుని గరుకు కాగితంలా అరగదీస్తుంది.

టకటక శబ్దమే లేకుండా లాగడం ఆగిపోతుంటే తప్పు పళ్లది కాదు, చక్రాలను నడిపే బెల్టు వదులైనట్టు. దాన్ని బిగించే కేబుల్ సర్దండి.

ప్రశ్న అడిగినవారు: డెక్‌లో బోల్టు కూర్చునే రంధ్రం కూడా కోలగానే ఉంది. ఎపాక్సీతో నింపితే నిలుస్తుందా?

జవాబు: నిలవదండీ, అదురుకు ఊడిపోతుంది. 3 మి.మీ. ఇనుప పట్టీకి ఇరుసు బోల్టు సైజులో రంధ్రం వేసి, డెక్ లోపలి నుంచి రెండు 6 మి.మీ. బోల్టులతో బిగించండి, స్ప్రింగ్ వాషర్లు తప్పనిసరి. బోల్టు తలలు బ్లేడుకు తగలకుండా చూడండి. బండి వంచే ముందు స్పార్క్ ప్లగ్ వైరు తీసి, ఎయిర్ ఫిల్టర్ వైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి.

బ్లేడుకు సాన పట్టవచ్చు, సుమారు 30 డిగ్రీల కోణంలో. తర్వాత మేకుకు తగిలించి చూసి, బరువు దిగిన వైపు ఇంకాస్త అరగదీయండి. పగిలినా, వంగినా, గడ్డి లేపే రెక్క పలచబడినా వెల్డింగ్ జోలికి వెళ్లకండి. 21 అంగుళాల బ్లేడు నిమిషానికి 3000 చుట్లు తిరిగితే కొన వేగం గంటకు 300 కిలోమీటర్లు. అలాంటి బ్లేడు మాత్రం కొత్తదే కొనండి.