అనలాగ్ టీవీ ఆపడానికి ఇన్నేళ్ల తంటా ఎందుకు?

ప్రశ్న – కొత్తచదువరి
టవర్ నుంచి వచ్చే పాత అనలాగ్ చానల్ ఒక్కటి పట్టే ఫ్రీక్వెన్సీ జాగాలో డిజిటల్‌ అయితే నాలుగైదు పట్టిస్తారట. అందరికీ లాభమే కదా! యూరప్, ఆఫ్రికా దేశాలు 2006లో జెనీవాలో కూర్చుని అనలాగ్ ఆపడానికి 2015 జూన్ 17 గడువు పెట్టుకున్నాయి. అది దాటి ఏళ్లయినా దక్షిణాఫ్రికా తేదీలు మారుస్తూనే వచ్చింది. అడ్డం పడేది సాంకేతికతా, డబ్బా?

టవర్‌మనిషి
డబ్బే. ట్రాన్స్‌మిటర్ దగ్గర షిఫ్టులు చేసినవాణ్ణి, చెప్తా వినండి. మారే కాలమంతా పాతదీ కొత్తదీ రెండూ నడపాలి. రెండింటికీ కరెంటు, రెండింటికీ కూలింగ్, రెండింటికీ స్పేర్లు. చూసేవాళ్లు వాళ్లే కాబట్టి ప్రకటనల ఆదాయం పైసా పెరగదు. "పాతది ఎప్పుడు ఆపుతారు?" అని పైవాళ్లు మమ్మల్నే అడిగేవారు. అది మా చేతిలో ఎక్కడుంది? పాత టీవీల్లో డిజిటల్ కనపడాలంటే ఇళ్లల్లోకి సెట్‌టాప్ బాక్సులు చేరాలి కదా.

అంచు ప్రాంతాలది ఇంకో తలనొప్పి. అనలాగ్ సిగ్నల్ తగ్గితే తెర నిండా చుక్కలొచ్చినా మనిషి మొహం ఆనవాలు పట్టొచ్చు. డిజిటల్‌లో బొమ్మ గడులు గడులుగా విరిగి, ఇంకాస్త తగ్గితే ఏమీ రాదు. అలాంటి ఇంటికి బాక్సుతో పాటు కొత్త యాంటెన్నా ఖర్చు కూడా.

కొత్తచదువరి
బాక్సులు ప్రభుత్వమే ఇస్తే పోలా?

టవర్‌మనిషి
అమెరికా ఇంటికి రెండేసి 40 డాలర్ల కూపన్లు ఇచ్చింది. 2009 జనవరికల్లా నిధి అయిపోయి జనం వెయిటింగ్ లిస్టులో పడ్డారు. ఫిబ్రవరి 17 గడువు జూన్ 12కి జరిగింది. ఖాళీ అవబోయే 700 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలను మాత్రం 2008లోనే సుమారు 1,900 కోట్ల డాలర్లకు వేలం వేసేశారు! అమ్మిన డబ్బు ఖజానాకి, బాక్సు బిగించుకునే టెన్షన్ ఇంట్లోవాళ్లకి.

నిబంధనరాయుడు
సాయం చేసినా చిక్కే అన్నయ్యా. బెర్లిన్‌లో 2003లోనే అనలాగ్ ఆపేశారు. అక్కడ ప్రైవేటు చానళ్లకిచ్చిన సబ్సిడీని యూరోపియన్ కమిషన్ 2005లో తప్పుపట్టి, వెనక్కి వసూలు చేయమంది. కేబుల్, శాటిలైట్ వాళ్లకి లేనిది టవర్ ప్రసారాలకే ఎందుకని దాని అభ్యంతరం.

టవర్‌మనిషి
నిజమే తమ్ముడూ. మల్టీప్లెక్స్ (చానళ్లన్నీ కలిపి పంపే ఉమ్మడి సిగ్నల్) సంగతీ అంతే. నాలుగైదు చానళ్లు ఒకే సిగ్నల్లో పోతున్నప్పుడు, ఎవరిని ఎక్కించాలి, ఎంత అద్దె పుచ్చుకోవాలి అన్నది దాన్ని నడిపేవాడి ఇష్టానికి వదిలేస్తే చిన్న చానల్‌కి చోటు దొరకదు. నన్నడిగితే ఆ రూల్స్ రాశాకే స్విచాఫ్ తేదీ ప్రకటించాలి.