బంగినపల్లి టెంక పెడితే పుల్లటి పీచు కాయలు వచ్చాయి, ఎందుకు?

పెరటితోట:
తొమ్మిదేళ్ల క్రితం మా నాన్న తిన్న బంగినపల్లి పండ్లలో బాగా తియ్యగా ఉన్నదాని టెంక ఏరి పెరట్లో పెట్టారు. ఆయన ఇప్పుడు లేరు. చెట్టు డాబా ఎత్తు దాటింది, ఈ ఏడే మొదటిసారి కాసింది. కాయ కోడిగుడ్డు కంటే కాస్త పెద్దది, నిండా పీచు, పండినా పులుపు పోలేదు. పక్కింటివాళ్ల అంటు మొక్క మాత్రం నాలుగో ఏటికే అసలైన బంగినపల్లి కాసింది. టెంక మంచిదే, ఎరువూ వేశాం, మరి తప్పెక్కడ జరిగింది? అరటికి పిలక పెడితే అదే పండు వస్తోంది కదా, మామిడికి ఎందుకు రాదు? ఇంట్లో కొట్టేయమంటున్నారు, నాకు మనసు రావడం లేదు.

బయాలజీ టీచర్:
తప్పు ఎవరిదీ కాదండి. మీరు తిన్న కండ తల్లి చెట్టుది, అందుకే తియ్యగా ఉంది. టెంక లోపలి జీడిలో ఉన్నది మాత్రం ఇద్దరి బిడ్డ. పూత మీద ఈగలు, తేనెటీగలు తిరిగేటప్పుడు దగ్గర్లో ఉన్న ఏ నాటు మామిడి పుప్పొడో ఆ పువ్వు కీలాగ్రం మీద పడి ఉండొచ్చు, అక్కడి నుంచి సన్నని గొట్టం అండాశయంలోకి దిగి, దాని గుండా వచ్చిన మగ కణం అండంతో కలిస్తేనే విత్తనం కడుతుంది. బంగినపల్లి పుప్పొడే పడినా సరే, గుణాలు పేకముక్కల్లా కలిసి కొత్త వరస పడుతుంది. ఒక తల్లి పిల్లలే అయినా అన్నదమ్ములు ఒక్కలా ఉండరు కదా.

అంటులో ఈ కలయికే లేదు. టెంక మొక్క మీద బంగినపల్లి కొమ్మ అతికిస్తారు, పైన పెరిగేదంతా ఆ పాత చెట్టు ఒంట్లో ముక్కే. మల్లె కొమ్మ, పసుపు కొమ్ము, రణపాల ఆకు అంచున లేచే పిల్ల మొక్కలు, అన్నీ ఇదే దారి. తాటికి ఈ దారి లేదు. ఆడ తాడు వేరు, పోతు తాడు వేరు, టెంక పాతాల్సిందే.

అరటి రైతు:
అరటి సంగతి నేను చెప్తా. పండు కోస్తే మధ్యలో కనిపించే నల్ల చుక్కలు విత్తనాలు కాలేక ఆగిపోయినవే. మనం తినే రకాల్లో చాలావాటికి గుణాలను మోసే క్రోమోజోములు రెండు వరసలు కాకుండా మూడు ఉంటాయి, అవి సమంగా విడిపోవు కాబట్టి విత్తనం కట్టదు, పుప్పొడి తగలకుండానే కాయ ఊరుతుంది. అందుకే పిలకలు. అందులోనూ సన్నటి ఆకులున్న కత్తి పిలకలే తీసుకుంటాం, వెడల్పు ఆకుల నీటి పిలకలకు దుంపలో బలముండదు.

కానీ అన్నీ ఒకే చెట్టు ముక్కలు కావడం పెద్ద ప్రమాదం కూడా. లాటిన్ అమెరికాలో గ్రాస్ మిషెల్ అనే అరటి తోటలు 1950ల నాటికి నేలలోని శిలీంధ్రం వల్ల వచ్చే పనామా తెగులుకి నాశనమయ్యాయి, వాటి చోట దాన్ని తట్టుకునే కావెండిష్ రకం వేసుకున్నారు. మన దగ్గర టిష్యూకల్చర్ మొక్కలుగా దొరికే గ్రాండ్ నైన్ కూడా కావెండిష్ జాతిదే. ఇప్పుడు దాన్నీ పట్టే కొత్త రకం తెగులు వచ్చింది. ఒక మొక్క తట్టుకోలేకపోతే పక్కదీ తట్టుకోలేదు, నాకు రోజూ ఉండే టెన్షన్ ఇదే.

నర్సరీ పని:
టీచర్ గారి మాటకు ఒకటి కలుపుతాను. కేరళ వైపు ఓలూర్, కురుక్కన్ లాంటి మామిడి రకాల్లో ఒకే టెంక నుంచి నాలుగైదు మొక్కలు లేస్తాయి, వాటిలో చాలావరకు తల్లి నకళ్లే. బంగినపల్లి అలాంటిది కాదు. అలాగని టెంక మొక్కని తక్కువ చేయకండి. నీలం, దసేరి రకాలు కలిపితేనే ఆమ్రపాలి, మల్లిక అనే మంచి మామిడి రకాలు వచ్చాయి.

మీ చెట్టు దయచేసి కొట్టొద్దు. పెట్టిన చోటే పెరిగింది కాబట్టి తల్లివేరు లోతుగా దిగి ఉంటుంది. కాపు దిగాక పెద్ద కొమ్మలు కోసి, కోతలకు బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) రాయండి. వచ్చిన చిగుళ్లలో బలమైనవి నాలుగైదు ఉంచి, కాస్త ముదిరాక, గాలిలో తేమ ఉన్న రోజుల్లో వాటికి బంగినపల్లి అంటు కట్టించండి. ఒక కొమ్మ మాత్రం అలాగే ఉంచండి, మీ నాన్నగారు పెట్టిన చెట్టు అదే కదా.

పెరటితోట:
చదువుతుంటే కళ్లు చెమర్చాయండి. తూర్పు వైపు కొమ్మ వదిలేస్తాను. దాని కాయలు దేనికైనా పనికొస్తాయా?

నర్సరీ పని:
పులుపు, పీచు ఉన్న కాయే కదండీ ఆవకాయకు కావాల్సింది. పండనివ్వకుండా, టెంక గట్టిపడగానే కోయండి.