ఫైర్‌మేన్‌కి క్యాన్సర్ వస్తే పని జబ్బుగా లెక్కకట్టాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
మా చిన్నాన్న ఇక్కడికి దగ్గర్లో ఒక ఫైర్ స్టేషన్లో 29 ఏళ్ళు చేశారు. 2019లో రిటైరయ్యారు. 2023లో మూత్రంలో నెత్తురు పడితే విశాఖ తీసుకెళ్ళాం. మూత్రాశయ క్యాన్సర్ అన్నారు. కిందటేడు పోయారు. పిన్ని పరిహారానికి అర్జీ పెడితే, పని వల్లే వచ్చిందని రుజువేదని కాగితం వెనక్కి పంపేశారు.

ఏ మంట వల్ల వచ్చిందో పిన్ని ఎలా చెప్తుంది? వేసవొస్తే వరసగా పూరిళ్ళు అంటుకునేవి. ఇదివరకు కాలేది గడ్డీ వెదురూ. ఇప్పుడు కప్పు మీద ప్లాస్టిక్ పట్టా, లోపల ఫోమ్ పరుపు, గుమ్మంలో బైకు. చిన్నాన్న ముక్కుకి తడి తువ్వాలు కట్టుకుని దిగేవారు. మంట ఆరాక కూడా నిప్పు మిగిలిందేమోనని గంటలకొద్దీ బూడిద తిరగేసేవారు, అప్పుడు ఆ తువ్వాలు కూడా ఉండేది కాదు. ఆ యూనిఫాం పిన్ని నూతి గట్టున నానబెడితే మూడు బకెట్ల నీళ్ళు మార్చినా నల్లగానే దిగేది. మా బట్టలు వాటితో కలవనిచ్చేది కాదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 2022లో మంటలార్పే ఉద్యోగాన్నే క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి వర్గంలో, అంటే ఖాయంగా తెచ్చేవాటిలో, పెట్టింది. గట్టి ఆధారం ఉందన్నది రెండు క్యాన్సర్లకి. ఒకటి మీసోథీలియోమా (ఊపిరితిత్తుల్లాంటి అవయవాల చుట్టూ ఉండే పొరకి వచ్చేది), రెండోది మూత్రాశయానిదే. ఇంకేం కావాలి?

లెక్కల మాస్టారు (రాయగడ):
బాబూ, మీ ఇంటి కష్టం కాదనను. కాని పొగ తాగేవాళ్ళకీ ఇదే క్యాన్సర్ వస్తుంది. మన వైపు చుట్ట, బీడీ ఎంత ఉందో తెలుసు. ఈ పని వల్ల రావచ్చు అనడం వేరు, ఈ మనిషికి దానివల్లే వచ్చింది అనడం వేరు. ఆ తేడా చూడకుండా ఇచ్చేస్తే, నిజంగా పనిలో దెబ్బతిన్నవాడికి ఇచ్చే డబ్బుకే ఎసరు.

వకీలు గుమస్తా (గుణుపురం):
2025 నవంబర్‌లో పాత పరిహార చట్టం బదులు సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది గాని, మీది 2023 జబ్బు కాబట్టి 1923 నాటి పరిహార చట్టమే చూడాలి. దాని రెండో షెడ్యూల్లో, అంటే చట్టం వర్తించే పనుల జాబితాలో, ఫైర్ బ్రిగేడ్ ఉద్యోగులున్నారు. మూడో షెడ్యూల్లో, అంటే పని జబ్బుల జాబితాలో, మూత్రాశయపు పొరలో పుట్టే గడ్డ ఉంది. ఆ ముప్పున్న పనిలో ఒకే యజమాని దగ్గర వరసగా ఆరు నెలలు చేసినవాడికి ఆ జబ్బొస్తే పని వల్లే వచ్చినట్టు. కాదనేవాడే రుజువు చెయ్యాలి. అసలు చిక్కు వేరే ఉంది. పని మానిన రెండేళ్ళ లోపు లక్షణాలు బయటపడాలి. మీవారికి నాలుగేళ్ళు. అర్జీ ఆలస్యమైతే, సరైన కారణం చూపిస్తే పరిహార కమిషనర్ మన్నించొచ్చు. లక్షణాల గడువుకి కూడా అది పనికొస్తుందో లేదో అడిగి చూడండి.

కాంట్రాక్టు ఫైర్ (రాయగడ):
నేను ఫ్యాక్టరీ ఫైర్ వింగ్‌లో చేస్తున్నాను. నాలుగైదు నెలలకోసారి కాంట్రాక్టరు మారిపోతాడు. ఒకే యజమాని కింద ఆరు నెలలు ఎక్కణ్ణుంచి తేను అన్నా?

మహేంద్రతనయ:
మాస్టారూ, దాచను. చిన్నాన్న కుర్రతనంలో చుట్ట తాగేవారు, పెళ్ళికి ముందే మానేశారు. అది అవతలివాళ్ళు ఎత్తి చూపనీండి, జవాబు చెప్పుకుంటాం. కాని ఏ రాత్రి ఏ ఊరికి బండి కదిలిందో, ఎవరెవరు ఎక్కారో రాసిన రిజిస్టర్ ఉండేది స్టేషన్లో. అది పిన్ని చేతిలో ఉండదు. పుస్తకం వాళ్ళ దగ్గర, రుజువు మా దగ్గరా?

ఇక రెండేళ్ళ మాట. ఈ క్యాన్సర్లు ముదరడానికి ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది. కాలిఫోర్నియాలో ఒక్కో ఏడు సర్వీసుకి మూడు నెలల చొప్పున, గరిష్ఠం 120 నెలల దాకా రిటైరయ్యాక కూడా పని జబ్బే అంటారు. 29 ఏళ్ళకి అది 87 నెలలు. అక్కడైతే చిన్నాన్న గడువులోనే ఉన్నారు.

లెక్కల మాస్టారు:
రిజిస్టర్ మాట ఒప్పుకుంటున్నాను, అది వాళ్ళే తేవాలి. గడువు పెంచినా, పొగాకు సంగతి అడిగే హక్కు మాత్రం ఉంచాలి.

మహేంద్రతనయ:
అడగనీండి. సోమవారం సమాచార హక్కు కింద 1990 నుంచి కాల్ రిజిస్టర్ నకళ్ళకి దరఖాస్తు పెడుతున్నాను. గుమస్తా గారూ, ఆలస్యం మన్నింపుకి అర్జీ ఎలా రాయాలో కాస్త చెప్తారా?