న్యూక్లియస్‌లో కనిపించే ఈ చుక్కలు నిజమైనవేనా? మైక్రోస్కోపీ తెలిసినవాళ్లు చెప్పండి

నమస్కారం అండీ. నేను పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. జన్యువుల పనిని పెంచే లేదా తగ్గించే గ్లూకోకార్టికాయిడ్ రిసెప్టర్ అనే ప్రోటీన్ కణకేంద్రకంలో (న్యూక్లియస్‌లో) ఎక్కడెక్కడ చేరుతుందో చూస్తున్నాను. దానికి పచ్చగా వెలిగే జీఎఫ్‌పీ ప్రోటీన్ తగిలించి, ల్యాబ్‌లో పెంచే యూ2ఓఎస్ అనే మానవ ఎముక క్యాన్సర్ కణాల్లోకి పంపాను. ఈ రిసెప్టర్‌ను ఉత్తేజపరిచే డెక్సామెథసోన్ మందు 100 నానోమోలార్ వేసిన అరగంటకల్లా, న్యూక్లియస్ బయటి భాగమైన సైటోప్లాజం చీకటైపోయి న్యూక్లియస్ పచ్చగా వెలుగుతుంది. అందులో ఆవాలు చల్లినట్టు చిన్న చిన్న చుక్కలు. న్యూక్లియస్ లోపల ఉండే న్యూక్లియోలస్‌లు మాత్రం నల్లగా, ఖాళీగా ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు చాలాసేపు కళ్లు తిప్పుకోలేకపోయాను.

ఇబ్బంది ఏమిటంటే, బతికున్న కణాల్లో మసకగా ఉన్న చుక్కలు పారాఫార్మాల్డిహైడ్ రసాయనంతో ఫిక్స్ చేశాక (కణాలను ఉన్నవి ఉన్నట్టు బిగించేశాక) కొట్టొచ్చినట్టు కనిపిస్తున్నాయి. ఫిక్సేషనే చుక్కల రూపాన్ని మార్చగలదని చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. పైగా ఈ రిసెప్టర్ ఎక్కువ తయారైన కణాల్లోనే చుక్కలు ఎక్కువ, అంటే మోతాదు మించడం వల్లే వస్తున్నాయేమో అని అనుమానం.

ఫ్రాప్ చేస్తే, అంటే లేజర్‌తో ఒక చోట వెలుగు ఆర్పి మళ్లీ ఎంతసేపటికి వస్తుందో చూస్తే, వెలుగు కొన్ని సెకన్లలోనే తిరిగి వస్తోంది. కానీ డీఎన్ఏకు అంటుకున్న ఈ రిసెప్టర్ కూడా అంతే వేగంగా మారిపోతూ ఉంటుందని 2000లోనే గోర్డన్ హేగర్ బృందం చూపించింది. కాబట్టి ఆ వేగం చూసి ఇవి కండెన్సేట్‌లని, అంటే ప్రోటీన్‌లు ద్రవ బిందువుల్లా గుమిగూడినవని, అనలేను. అలాంటి బిందువులను కరిగించి పరీక్షించడానికి వాడే 1,6-హెక్సేన్‌డయాల్ రసాయనం క్రోమాటిన్‌నూ (ప్రోటీన్‌లతో కలిసి ఉన్న డీఎన్ఏను) దెబ్బతీస్తుంది, అందుకే దాని మీద నాకు నమ్మకం లేదు.

జన్యువులను సవరించే క్రిస్పర్‌తో, కణంలో ఉన్న ఈ రిసెప్టర్ సొంత జన్యువుకే హాలోట్యాగ్ (రంగు అంటించుకునే ట్యాగ్) పెట్టి, ఒక్కో అణువునూ ట్రాక్ చేయడం మేలా? డీఎన్ఏకు అంటుకోలేని మ్యుటెంట్‌తో పోలిస్తే చాలా? ఈ పని చేతులారా చేసినవాళ్లు ముందుగా ఏ ప్రయోగం చేయాలో దయచేసి చెప్పండి.