మేము అనుకున్న పేరుతో డాట్ కామ్ డొమైన్ వేరొకరి చేతిలో ఉంది: ఏం చేయవచ్చు?

ప్రశ్న (గుంటూరు నుంచి)

నమస్కారం. మా కుటుంబం చాలాకాలంగా ఊరగాయలు, కారప్పొడులు తయారుచేసి దుకాణాలకు వేస్తోంది. ఇప్పుడు వాటిని సొంత బ్రాండు పేరుతో వెబ్‌సైటు ద్వారా అమ్మాలని నిర్ణయించుకున్నాం. ఇంట్లో అందరికీ నచ్చిన పేరు ఒకటి కుదిరింది కానీ, ఆ పేరుతో డాట్ కామ్ డొమైన్‌ను 2014లోనే ఎవరో నమోదు చేసుకున్నారు. తెరిచి చూస్తే ‘ఈ డొమైన్ అమ్మకానికి ఉంది’ అన్న వాక్యం, కింద ఒక ఫారం తప్ప మరేమీ లేవు. ఫారం నింపితే మూడు లక్షల రూపాయలు అడిగారు. ఇన్నేళ్లుగా వాడకుండా పేరును పట్టుకుని కూర్చోవడం చట్టప్రకారం చెల్లుతుందా? మేము ట్రేడ్‌మార్కు తీసుకుని దాన్ని రప్పించుకోగలమా? డాట్ ఇన్ మాత్రం ఖాళీగానే ఉంది.

జవాబు (న్యాయవాది, హైదరాబాద్)

రప్పించుకోలేరనే చెప్పాలి. ఊరి చివర ఖాళీ స్థలం కొని ధర పెరిగేదాకా ఉంచుకున్నవాడిని కబ్జాదారు అనలేము కదా, ఇదీ అంతే. డొమైన్ పేర్ల వ్యవస్థను పర్యవేక్షించే అంతర్జాతీయ సంస్థ ఐకాన్ 1999లో తెచ్చిన యూడీఆర్‌పీ అనే వివాద పరిష్కార విధానం కింద డాట్ కామ్ మీద ఫిర్యాదు చేసేవారు మూడు విషయాలు రుజువు చేయాలి: ఆ పేరు తమ మార్కును పోలి ఉందని, అవతలివారికి దానిమీద న్యాయమైన హక్కు లేదని, దాన్ని దురుద్దేశంతో నమోదు చేసి అదే ఉద్దేశంతో వాడుతున్నారని. 2014 నాటికి మీ బ్రాండే లేదు కనుక మిమ్మల్ని దృష్టిలో పెట్టుకుని నమోదు చేశారనడం కుదరదు. ఇప్పుడు తీసుకునే ట్రేడ్‌మార్కు ఆ పాత తేదీని మార్చలేదు. ఇలాంటి ఫిర్యాదులు విచారించే వైపో (ప్రపంచ మేధోసంపత్తి సంస్థ) వద్ద తీర్పు చెప్పే ఒకే సభ్యుడి ప్యానెల్‌కు రుసుమే 1,500 డాలర్లు, వకీలు ఫీజు వేరు. పైగా ఫిర్యాదే దురుద్దేశంతో కూడినదని ప్యానెల్ రాసే ప్రమాదమూ ఉంది.

డొమైన్ పేరు మీద కోర్టులో గెలిచిన ఇంటర్నెట్ సంస్థ సత్యం ఇన్ఫోవే కేసులో పరిస్థితి వేరు. వారు సిఫీ పేరుతో ముందే పేరు తెచ్చుకున్నారు, ‘సిఫ్ఫీనెట్’ అంటూ మరొకరు తర్వాత వచ్చారు. అందుకే 2004లో సుప్రీంకోర్టు డొమైన్ పేరుకూ ట్రేడ్‌మార్కు తరహా రక్షణ ఉంటుందని చెప్పి సత్యం పక్షాన తీర్పు ఇచ్చింది.

కనుక డాట్ ఇన్‌ను ఈరోజే కొనండి. ఆన్‌లైన్‌లో ట్రేడ్‌మార్కు దరఖాస్తు చేస్తే వ్యక్తులకు, చిన్న సంస్థలకు తరగతికి (సరుకుల వర్గానికి) 4,500 రూపాయలు. ఊరగాయలు 29వ తరగతి, మసాలాలు 30వ తరగతి కిందికి వస్తాయి. అంతకంటే ముందు ట్రేడ్‌మార్కు రిజిస్ట్రీ సైటులో ఆ పేరు ఇప్పటికే ఎవరిదైనా ఉందేమో వెతకండి. డొమైన్ దొరకకపోవడం కంటే అది పెద్ద చిక్కు.

జవాబు (వెబ్‌సైట్లు తయారుచేసే వృత్తి)

మూడు లక్షలన్నది మొదటి మాట మాత్రమే. ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలతో పునరుద్ధరించుకునే వ్యక్తికి తొందరేమీ ఉండదు. గడువు తీరి పోతుందని ఎదురుచూడటమూ వృథా, ఎందుకంటే గడువు ముగిశాక కూడా విడిపించుకోవడానికి యజమానికి 30 రోజుల రిడెంప్షన్ వ్యవధి ఉంటుంది. మళ్లీ బేరమాడాలనుకుంటే బ్రాండు ప్రస్తావన లేకుండా వేరొకరి చేత అడిగించండి, డబ్బు ఎస్క్రో (డొమైన్ చేతికి వచ్చేదాకా డబ్బును మధ్యవర్తి దగ్గర ఉంచే పద్ధతి) ద్వారా మాత్రమే ఇవ్వండి.

నా మాటగా అయితే కొనవద్దనే అంటాను. ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచుకునే సేవ డ్రాప్‌బాక్స్ 2009 దాకా ‘గెట్‌డ్రాప్‌బాక్స్’ అనే డొమైన్‌తోనే నడిచింది, కార్ల కంపెనీ టెస్లా 2016 దాకా ‘టెస్లామోటార్స్’తో సరిపెట్టుకుంది. మన పేర్లతో ఇంకొక ఇబ్బంది ఉంది. రోమన్ లిపిలో దీర్ఘానికి ఒకరు ఒక ఏ, మరొకరు రెండు ఏలు రాస్తారు. ‘త’కు ఒకరు టీ, మరొకరు టీహెచ్ రాస్తారు. ఆ రూపాలన్నీ డాట్ ఇన్‌లో కొనిపెట్టుకోండి, మూడు లక్షలతో పోలిస్తే అది చాలా చిన్న ఖర్చు.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలు. లేబుళ్లు ఇంకా అచ్చు వేయించలేదు. మేము డాట్ ఇన్‌తో మొదలుపెట్టి పేరు తెచ్చుకున్నాక, ఆ డాట్ కామ్ యజమాని అక్కడ వేరేవారి ఊరగాయల ప్రకటనలు పెడితే?

జవాబు (న్యాయవాది, హైదరాబాద్)

నమోదు పాతదే కనుక యూడీఆర్‌పీ అప్పుడూ కష్టమే. అయితే మీ పేరును అడ్డం పెట్టుకుని కొనుగోలుదారులను పక్కదారి పట్టిస్తే పాసింగ్ ఆఫ్ (తమ సరుకును మరొకరిదన్నట్టు నమ్మించి అమ్మడం) కింద కోర్టుకు వెళ్లవచ్చు. ఇప్పుడు ఆ పేజీ ఎలా ఉందో తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, మొదటి బిల్లు నుంచి అమ్మకాల, ప్రకటనల లెక్కలన్నీ భద్రపరచండి.