గాఢనిద్ర తగ్గిన మా అమ్మకు మతిమరుపు రక్తపరీక్ష చేయించవచ్చా?

నమస్కారం. మేము ఒంగోలులో ఉంటున్నాము. 68 ఏళ్ల మా అమ్మకు నిద్ర పరీక్షలో గాఢనిద్ర బాగా తక్కువగా ఉందని తేలింది. మా అమ్మమ్మ చివరి దశలో కన్నబిడ్డలనే పోల్చుకోలేకపోయింది కనుక నాకు దిగులుగా ఉంది. గాఢనిద్రకు ఎంత భంగం కలిగితే వెన్నుద్రవంలో అమిలాయిడ్ బీటా (అల్జీమర్స్ అనే మతిమరుపు జబ్బులో మెదడులో పేరుకునే ప్రొటీన్) అంత పెరిగినట్టు 2017లో వెలువడిన ఒక పరిశోధన చూపింది.

రక్తంలో పీ-టావ్ 217 (అదే జబ్బుకు గుర్తుగా చూసే మరో ప్రొటీన్), అమిలాయిడ్ బీటా 42ల నిష్పత్తిని చూసే పరీక్షకు అమెరికాలో 2025 మే నెలలో అనుమతి వచ్చింది, అదీ మతిమరుపు లక్షణాలున్నవారికే. అయితే అక్కడ నల్లజాతివారికీ తెల్లజాతివారికీ ఇలాంటి గుర్తుల స్థాయిల్లో కనిపించిన తేడాలలో కొంత భాగం మూత్రపిండాల జబ్బు వంటి ఇతర సమస్యల వల్లనేనని పరిశోధకులు అంటున్నారు. నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఇదే. అమ్మ చాలాకాలం కనిగిరి వైపు, ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లో ఉంది. ఇప్పుడు మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ కూడా రక్తంలో ఎక్కువగానే ఉంది. మూత్రపిండాలు మందగిస్తే జబ్బు లేకపోయినా పీ-టావ్ పెరిగి కనిపించవచ్చు కదా!

నరాల వైద్యులు, అనుభవమున్న పెద్దలు దయచేసి చెప్పండి: లక్షణాలేవీ లేని అమ్మకు ఈ పరీక్ష అవసరమా, చేయిస్తే క్రియాటినిన్‌ను లెక్కలోకి తీసుకుని ఫలితాన్ని చదివి చెప్పేవారు నెల్లూరులో గానీ గుంటూరులో గానీ ఉన్నారా, లేక ముందు గురక, నిద్రలో ఊపిరి ఆగడం వంటివాటికి వైద్యం చేయించడమే మేలా?